ఎవరో కుళాయి విరగ్గొడితే తొమ్మిదో తరగతి మొత్తానికి ఫైనా?

గోదారి_అమ్మ
మా అమ్మాయి జడ్పీ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. పోయిన గురువారం సాయంత్రం చేతులు కడుక్కునే చోట కుళాయి ఒకటి విరిగింది, ఎవరూ చూసుకోలేదు, రాత్రంతా నీళ్లు కారి పైన ట్యాంకు ఖాళీ అయిపోయింది. శుక్రవారం పొద్దున కరెంటు లేక మోటారు వెయ్యలేకపోయారు, అన్నాల టైముకి కూడా చుక్క నీళ్లు లేవు, ఆడపిల్లలు బాత్రూంకి వెళ్లలేక నానా అవస్థ పడ్డారు. గురువారం చివరి పీరియడ్ గేమ్స్ తొమ్మిదో తరగతిదే కాబట్టి వాళ్లలోనే ఎవరో చేశారని హెచ్ఎం గారు ప్రేయర్లో నిలబెట్టి అడిగారట. ఒక్కళ్లూ నోరు విప్పలేదు. దాంతో ఏ, బి రెండు సెక్షన్లకీ తలా యాభై రూపాయలు ఫైను, పైగా వారం రోజులు ఇంటర్వెల్లో ఆడుకోవడం లేదు, ఆ కుళాయిల చోటంతా ఊడ్చి కడగాలి.
మా పిల్ల ఆ టైములో లైబ్రరీ గదిలో తెలుగు మేడంతో పుస్తకాలు సర్దుతోంది, మేడం గారికే తెలుసు. యాభై నాకు పెద్ద లెక్క కాదు కానీ ఆ క్లాసులో సగం మంది కూలికెళ్లే ఇళ్ల పిల్లలు. ఇంకో సంగతి, చేసిందెవరో మా దానికి తెలుసు. అడిగితే "చెప్తే రేపట్నుంచి నా పక్కన ఎవరూ కూర్చోరమ్మా" అంటోంది. నేను బలవంతాన చెప్పించాలా? హెచ్ఎం గారి దగ్గరికి వెళ్లాలా? రెండు రోజుల్నుంచి ఇదే ఆలోచన.

బెజవాడ_బాబాయ్
ఇందులో ఆలోచించేదేముందమ్మా. మా రోజుల్లో ఒకడు అల్లరి చేస్తే బెంచీ మొత్తానికి పడేవి. అందుకే పక్కవాడు పిచ్చి వేషాలేస్తుంటే మేమే పట్టుకుని ఆపేవాళ్లం. యాభై కట్టేసి ఊరుకోండి, పిల్లలకి భయం ఉండాలి.

పాలమూరు_పిల్ల
మీరు ఆపేటోళ్లా బాబాయ్? మేమైతే మంచిగ దెబ్బలు తిని, ఇంటర్వెల్ల ఇంకింత ఎక్కువ జేసేటోళ్లం 😀

లెక్కల_లక్ష్మి
రెండు సెక్షన్లు కలిపి ఎంతమంది? డెబ్బై అనుకున్నా మూడున్నర వేలు. ఒక కుళాయికి మూడున్నర వేలా? బంగారపుదా?

గోదారి_అమ్మ
@లెక్కల_లక్ష్మి డెబ్బై ఆరు మంది. మిగిలిన డబ్బు దేనికో చెప్పలేదు, అడిగే ధైర్యం పిల్లలకి ఎక్కడుంటుంది.

రమణక్క
అసలు ఇది రెండోసారి కట్టడం కదండీ? తల్లికి వందనం 15 వేలని చెప్పి మన ఖాతాల్లో 13 వేలే వేశారు, మిగతా 2 వేలు బడి నిర్వహణకి, మరుగుదొడ్లకి అనే కదా పట్టుకున్నారు. అంతకుముందు అమ్మ ఒడిలో కూడా బాత్రూముల నిర్వహణకని వెయ్యి కోసేవాళ్లు. మరి కుళాయి అందులోంచి రాదా? నేనైతే ముందు ఇదే అడుగుతా.

చట్టం_పుస్తకం
బాబాయ్ గారూ, భయం సంగతి వేరు చట్టం సంగతి వేరు. విద్యాహక్కు చట్టం 2009లోది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా తప్పే. ఒక చిక్కుంది, ఆ చట్టం లెక్కలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు, తొమ్మిదో తరగతిలో 14 దాటినవాళ్లూ ఉంటారు. అలాగని వాళ్లని ఏమన్నా చెయ్యొచ్చని కాదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18 నిండని వాళ్లందరికీ వర్తిస్తుంది. ఇక్కడ జరిగింది అంతవరకూ పోయిందని నేననను. కానీ చెయ్యనివాళ్లని కూడా అందరి ముందు నిలబెట్టి దోషుల్ని చేసినట్టు మాట్లాడటం మంచి పద్ధతి కాదు.

సాంఘికం_సార్
నేనూ జడ్పీ హైస్కూల్లోనే సోషల్ చెప్తాను, పద్దెనిమిదేళ్లయింది. ముందు హెచ్ఎం గారి తరఫున ఒక మాట. నాలుగొందల మంది పిల్లలు, ఒక్క పీఈటీ, ఒక్క ఆయమ్మ, రాత్రి కాపలా మనిషి ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో టైల్స్, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, నీళ్లొచ్చే బాత్రూములు వచ్చాయి, కళ్లకద్దుకున్నాం. అవి వచ్చాక పోకుండా చూసుకోవడం కొత్త తలనొప్పి. ఫ్యాను రెక్క వంగిందంటే మా గుండె వంగినట్టుంటుంది, అది నిజం. ఆ కోపంలో అందరికీ ఫైను అనేస్తాం. నేనూ అన్నాను, ఒకప్పుడు.
కానీ దానివల్ల ఏమవుతుందో చూశాను. చేసినవాడు డెబ్బై మంది వెనక దాక్కుంటాడు. చెయ్యని డెబ్బై ఐదు మంది "ఎలాగూ కట్టాం కదా" అనుకుంటారు, ఆ తర్వాత కుళాయి కారుతున్నా కట్టేవాడుండడు. డబ్బులు కట్టేశాక బాధ్యత తీరిపోయిందనిపిస్తుంది మనిషికి, పెద్దవాళ్లకైనా అంతే.
రాజ్యాంగంలో 51ఎ అధికరణం, ప్రాథమిక విధులు, 1976లో 42వ సవరణతో వచ్చాయి. ప్రజల ఆస్తిని కాపాడటం అందులో ఒకటి. ఇది నేను బోర్డు మీద రాస్తాను, పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకుంటారు. అదే పిల్లాడు ఆ నోట్సు పెట్టుకున్న బెంచీ మీద కాంపాస్‌తో పేరు చెక్కుతాడు. వాడి దృష్టిలో ప్రజల ఆస్తి అంటే రైలు, బస్సు. బెంచీ సార్లది.
ఈ "సార్లది" అన్నది పోవాలి. దానికి ఫైను పనికిరాదు. ఎలా పోతుందో నాకు తెలిసినంత తర్వాత రాస్తాను, ఇప్పుడు స్టడీ అవర్ ఉంది.

బెజవాడ_బాబాయ్
సార్ మంచి చోట ఆపేశారు, సీరియల్ లాగా.

ఆయమ్మ_కొడుకు
అందరూ ఫైను గురించే మాట్లాడుతున్నారు, ఆ శుక్రవారం నీళ్లు ఎవరు మోశారో ఎవరైనా అడిగారా? మా అమ్మ పదకొండేళ్లు హైస్కూల్లో ఆయాగా చేసింది. నీళ్లు లేని రోజు బోరింగు నుంచి బిందెలతో మోసి బాత్రూముల్లో పోసేది, ఎందుకంటే నీళ్లున్నా లేకపోయినా పిల్లలు వెళ్లక మానరు, మర్నాడు కడగాల్సింది ఆవిడే. రాత్రి కాళ్లు పట్టమనేది కాదు, నేనే వెళ్లి పట్టేవాణ్ణి.
నేనూ అదే బళ్లో చదివాను. ఊడవడానికి ఎవరైనా కావాలంటే ముందు నా పేరే పిలిచేవాళ్లు. ఎందుకో ఇక్కడ విడమర్చి చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. నా పక్కన కూర్చునే షావుకారు గారి అబ్బాయిని ఐదేళ్లలో ఒక్కసారి కూడా పిలవలేదు. కాబట్టి పిల్లలతో ఊడిపించడం గురించి మాట్లాడేటప్పుడు ఏ పిల్లలతో అన్నది ముందు చూడండి.

పాలమూరు_పిల్ల
అన్నా, సదువుతుంటె గుండె కలుక్కుమన్నది. మా బడిల గూడ గంతే ఉండె. మొగ పిల్లగాండ్లు గ్రౌండు, ఆడపిల్లలు ఊడుసుడు. ఆడపిల్లలల్ల మల్ల కొందరే.

ఒసాకా_రావు
నేను జపాన్‌లో ఉంటాను, మా అబ్బాయి ఇక్కడి మామూలు స్కూల్లోనే చదువుతున్నాడు. రోజూ మధ్యాహ్నం ఇరవై నిమిషాల దాకా శుభ్రం చేసే టైము ఉంటుంది, సోజీ అంటారు. క్లాసు, వరండా, మెట్లు, వాళ్ల స్కూల్లో అయితే టాయిలెట్లు కూడా. గ్రూపులు గ్రూపులుగా వంతులేసుకుని చేస్తారు, టీచర్లూ గుడ్డ పట్టుకుని వంగుతారు. డాక్టరు గారి అబ్బాయైనా అంతే, చేపల కొట్టు ఆయన కూతురైనా అంతే. మా వాడు మొదట్లో ఏడ్చాడు, ఇప్పుడు ఇంట్లో నా చెప్పులు సరిగ్గా లేవని నన్ను అంటున్నాడు. ఒక్కటి గమనించండి, ఇక్కడ అది శిక్ష కాదు. తప్పు చేసినా చెయ్యకపోయినా రోజూ ఉండేదే. శిక్షగా చీపురు ఇస్తే పిల్లాడికి చీపురంటేనే అవమానం అని నేర్పినట్టు అవుతుంది.

ఆయమ్మ_కొడుకు
@ఒసాకా_రావు మీరన్న చివరి మాటే నేనూ అంటున్నది. అక్కడ చీపురుకి కులం లేదు కాబట్టి నడుస్తోంది. ఇక్కడ ఉంది. శిక్షగా ఊడవమన్నారంటే "ఇది మా అమ్మ చేసే పని, అంటే మా అమ్మ చేసేది శిక్షా" అనిపించదా నాలాంటి వాడికి.

చట్టం_పుస్తకం
హద్దు దాటితే ఎక్కడిదాకా పోతుందో కూడా చూశాం. 2023 డిసెంబరులో కర్ణాటక కోలార్ జిల్లాలో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పిల్లల్ని సెప్టిక్ గుంటలోకి దింపి శుభ్రం చేయించారని బయటికొచ్చి, ప్రిన్సిపాల్‌ని అరెస్టు చేశారు. వాళ్లు దళితుల పిల్లలు. వరండా ఊడవడం వేరు, అది వేరు, నాకు తెలుసు. కానీ మొదటి మెట్టు దగ్గరే ఎవరితో, ఎందుకు అని అడగకపోతే ఆఖరి మెట్టు దాకా ఎవరూ అడగరు.

రమణక్క
గాంధీ గారు ఆశ్రమంలో అందరితోనూ మరుగుదొడ్లు కడిగించింది ఇందుకే కదా, ఆయన కూడా కడిగారు. పెద్దవాళ్లు ముందు వంగితే పిల్లలు వాళ్లే వంగుతారు.

టెన్త్_బ్యాచ్_కుర్రాడు
నేను మొన్ననే టెన్త్ అయ్యాను, ఇంటర్ ఫస్టియర్ ఇప్పుడు. ఆంటీ మీ అమ్మాయి చెప్పకపోవడం కరెక్టే అనిపిస్తుంది నాకు, కోప్పడొద్దు. ప్రేయర్లో అందరి ముందు "ఎవరు" అంటే ఎవడు చెప్తాడు, చెప్పినవాడికి ఆ రోజు నుంచి చాడీలోడు అని పేరు, టెన్త్ అయ్యేదాకా పోదు. మా క్లాసులో ఒకబ్బాయికి అలా పడింది, ఫేర్‌వెల్ రోజు కూడా అదే పేరుతో పిలిచారు, వాడు ఫొటో దిగకుండా వెళ్లిపోయాడు, ఇప్పటికీ నాకు బాధే ఎందుకంటే నేనూ పిలిచాను. అదే క్లాస్ టీచర్ విడిగా కూర్చోబెట్టి "ఏం జరిగింది" అని అడిగితే చాలాసార్లు చేసినవాడే చెప్పేస్తాడు. ఎవరు అని అడిగితే భయం వేస్తుంది, ఏం జరిగింది అంటే వెయ్యదు.
ఇంకోటి అడగొచ్చా. మీ అమ్మాయి వాళ్ల స్కూల్లో కుళాయిలు ఎన్ని? ఆ కుళాయి ముందే లూజుగా ఉందా? మా దగ్గర నాలుగొందల మందికి ఆరు ఉండేవి, ఇంటర్వెల్ పది నిమిషాలు, వాటర్ బాటిల్ నింపుకోవడానికి యుద్ధమే. విరగ్గొట్టాలని ఎవడూ అనుకోడు, లాగుతారు, ఊడొస్తుంది.

లెక్కల_లక్ష్మి
బాబూ నువ్వు ఇంటర్‌లో ఏం తీసుకున్నావో గానీ నువ్వు టీచరు అవ్వాలి.

టెన్త్_బ్యాచ్_కుర్రాడు
ఎంపీసీ మేడం. లెక్కలు మీరు చెప్తారా 😅

సాంఘికం_సార్
కుర్రాడు నా పని సగం చేసేశాడు. మిగతా సగం రాస్తాను.
మా బళ్లో మూడేళ్ల క్రితం ప్రతి క్లాసుకీ ఒక చోటు ఇచ్చాం. ఎనిమిదికి చెట్లు, తొమ్మిదికి కుళాయిలు, పదికి లైబ్రరీ అలా. వాళ్లకో రిజిస్టరు. అందులో ఏది ఎన్ని ఉన్నాయో వాళ్లే లెక్కపెట్టి రాసుకున్నారు. ఏదైనా లూజైతే తేదీ వేసి రాస్తారు, హెచ్ఎం చూసి సంతకం పెట్టాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది: పిల్లలు రాశాక వారంలో మేం బాగు చేయించకపోతే ఆ రిజిస్టరు చచ్చిపోతుంది. మొదటి ఏడాది మా వల్లే చచ్చిపోయింది, నేను ఒప్పుకుంటున్నాను. పిల్లల బాధ్యత గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, వాళ్లు రాసిన "మూడో కుళాయి కారుతోంది" అన్న ఒక్క లైను మేం నెల రోజులు చూడలేదు. రెండో ఏడాది నుంచి సోమవారం సోమవారం చూస్తున్నాం, ఇప్పుడు నడుస్తోంది.
ఊడవడం గురించి ఆయమ్మ_కొడుకు రాసింది మా స్టాఫ్ రూములో చదివి వినిపించాను. రోజూ ప్రేయర్లో ప్రతిజ్ఞ చెప్పిస్తాం కదా, అది రాసింది మన తెలుగాయనే, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా అన్నెపర్తి ఆయనది, 1962లో విశాఖలో ట్రెజరీ ఆఫీసరుగా ఉన్నప్పుడు రాశారు. అందులో ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకోవడం ఉంది. నిన్న ఎనిమిదో తరగతిలో అడిగాను, ప్రతివారిలో మన ఆయమ్మ ఉందా అని. ఉంది సార్ అన్నారు. ఆమె పేరేంటి అన్నాను. ముప్పై ఎనిమిది మందిలో ఇద్దరికే తెలుసు. తర్వాత స్టాఫ్ రూముకి వెళ్లి కూర్చున్నాక గుర్తొచ్చింది, నాకు ఇంటిపేరు తెలీదు.

పాలమూరు_పిల్ల
పైడిమర్రి సారు మా తెలంగాణ బిడ్డ, యాది పెట్టుకోండ్రి అందరు! మా దగ్గర 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టిండ్రు, మహిళా సంఘపోళ్లు ఉంటరు, ఊరి సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. మా అత్తమ్మ అండ్లనే ఉన్నది. నల్లాలు, కరెంటు, బాత్రూములు సూసుడు వాళ్ల పనే. మా అత్తమ్మ పోయి నల్లా తిప్పి సూసినంక గాని హెచ్ఎం సారు బిల్లుల మీద సంతకం పెట్టది.

బెజవాడ_బాబాయ్
మీ అత్తమ్మని ఒకసారి మా అపార్ట్‌మెంటుకి పంపమ్మా.

ఆయమ్మ_కొడుకు
@సాంఘికం_సార్ ఇంటిపేరు అడిగి తెలుసుకోండి సార్. ఆవిడకి చాలా సంతోషంగా ఉంటుంది, నేను చెప్తున్నాను.

గోదారి_అమ్మ
అందరూ ఇంత ఓపిగ్గా రాశారు. నిన్న రాత్రి ఆ కుర్రాడు చెప్పినట్టే మా అమ్మాయిని ఎవరు అని అడక్కుండా ఏం జరిగిందే అన్నాను. మొత్తం చెప్పేసింది.
ఆ కుళాయి రెండు వారాల నుంచి ఊగుతోందట. ఇద్దరు ముగ్గురు పిల్లలు పీఈటీ సార్‌కి చెప్పారట కూడా. గురువారం గేమ్స్ అయ్యాక గుంపులో దీని ఫ్రెండే బాటిల్ పట్టి గట్టిగా తిప్పింది, ఊడి చేతిలోకొచ్చింది. ఆ పిల్ల భయపడి దాన్ని అక్కడే గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న తాగి కొడతాడు, యాభై రూపాయలన్నా కొడతాడు, అందుకే చెప్పలేదు.
ఇక్కడి దాకా విన్నాక నాకు జాలేసింది. కానీ తర్వాత మా దాని మాట విని అలా ఉండిపోయాను. లాంగ్ బెల్ అయ్యాక లైబ్రరీ నుంచి వస్తూ నీళ్లు పోతుండటం ఇది కూడా చూసిందట. ఇంకో ఇద్దరు కూడా చూశారు. పైన వాల్వు ఉంది, కట్టేస్తే ఆగిపోయేది. ఎందుకు కట్టలేదే అంటే "నేను విరగ్గొట్టలేదు కదమ్మా" అంది.
నేనూ మీకు మొదటి పోస్టులో రాసింది అదే కదా. మా పిల్ల లైబ్రరీలో ఉంది, మా పిల్ల చెయ్యలేదు అని.

రమణక్క
అమ్మా, మీరు పిల్లని ఏమీ అనలేదు కదా?

గోదారి_అమ్మ
లేదక్కా. శుక్రవారం మధ్యాహ్నం దాకా నువ్వు బాత్రూంకి వెళ్లావా అని మాత్రం అడిగాను. వెళ్లలేదమ్మా కడుపు నొప్పొచ్చింది అంది. దానికే అర్థమైంది, ఏడ్చింది.

చట్టం_పుస్తకం
ఫైను అన్యాయమే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. విరగ్గొట్టిన తప్పు వేరు, చూసి వదిలేసింది వేరు. హెచ్ఎం గారు రెండిటినీ కలిపి డబ్బులతో కొలిచారు. విడదీసి మాట్లాడండి ఆయనతో. ఊగుతోందని చెప్పినా బాగు చేయించకపోవడం మూడోది, అది బడి వాళ్లదే.

బెజవాడ_బాబాయ్
ఆ తాగి కొట్టే నాన్న మాట విన్నాక నా మొదటి పోస్టు తప్పనిపిస్తోంది. ఆ పిల్ల పేరు మాత్రం బయటికి రానివ్వకండమ్మా.

సాంఘికం_సార్
వెళ్లేటప్పుడు ఒంటరిగా వద్దు, పేరెంట్ కమిటీలో ఉన్న తల్లుల్ని ఇద్దర్ని తీసుకెళ్లండి. ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. సంతకాలకి మాత్రమే కాదు అది. కోపంగా మొదలుపెట్టొద్దు, హెచ్ఎంలకి పొద్దున పదింటి దాకా ఫొటోలు, యాప్‌లతోనే సరిపోతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్లండి, మాట వింటారు.

గోదారి_అమ్మ
నాలుగు రోజులు రాయలేకపోయాను. వెళ్లొచ్చాం, ముగ్గురం వెళ్లాం.
హెచ్ఎం గారు మొదట కొంచెం కటువుగానే ఉన్నారు. రెండు వారాల నుంచి ఊగుతోందని పీఈటీ సార్‌ని పిలిపించి అడిగితే ఆయన అవునన్నారు, ప్లంబరు రాలేదన్నారు. అప్పుడు తగ్గారు. ఫైను తీసేశారు, కట్టిన పంతొమ్మిది మందికీ తిరిగి ఇచ్చారు. ఆ పిల్ల తనే వెళ్లి హెచ్ఎం గారి రూములో చెప్పింది, మా అమ్మాయి పక్కన నిలబడింది, తను నీళ్లు చూసి వదిలేసిన సంగతి కూడా చెప్పిందట. ఆయన ఇద్దర్నీ ఏమీ అనలేదు, పేరు ప్రేయర్లో చెప్పనని మాటిచ్చారు.
లాంగ్ బెల్ తర్వాత కుళాయిలు, ఫ్యాన్లు చూసి వెళ్లడానికి రోజుకి ఇద్దరు, రోల్ నంబర్ల వరసన. శనివారం సాయంత్రం ఆ చోటు కడగడం కూడా రోల్ నంబరే, ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదని నేను గట్టిగా అడిగాను @ఆయమ్మ_కొడుకు, మీ పోస్టు చదివాక. బాత్రూములు మాత్రం పిల్లలతో వద్దన్నాం, ఒప్పుకున్నారు.
అంతా బాగుందని కాదు. బి సెక్షన్‌లో ఒకబ్బాయి తండ్రి ఫోన్ చేసి మా వాడు చీపురు పట్టడు, కావాలంటే మనిషిని పంపిస్తా అన్నాడట. హెచ్ఎం గారు ఇంకా ఏమీ తేల్చలేదు. ఆ అబ్బాయి నంబరు వచ్చే శనివారం.

ఆయమ్మ_కొడుకు
ఆ శనివారం హెచ్ఎం గారిని, మీ ముగ్గుర్నీ కూడా చీపురు పట్టుకుని అక్కడ నిలబడమనండి. అప్పుడు ఆ అబ్బాయి ఏం చేస్తాడో చూడాలి. నాకు రాయండి.

గోదారి_అమ్మ
తప్పకుండా వెళ్తాను తమ్ముడూ. హెచ్ఎం గారిని కూడా అడుగుతాను.

ఒసాకా_రావు
ఆ తండ్రి పంపిస్తానన్న మనిషిని కూడా రమ్మనండి, ఆ అబ్బాయితో కలిసి చేస్తారు.

లెక్కల_లక్ష్మి
మరి కుళాయి పెట్టారా? ప్లాస్టిక్‌ది పెట్టించకండి, ఆరు నెలలు ఉండదు. పిల్లలు తిప్పే చోట ఇత్తడిదే నయం.

గోదారి_అమ్మ
పెట్టారు, ఇత్తడిదే. తొమ్మిది ఏ లో ఒక పిల్ల వాళ్ల బాబాయ్ ప్లంబరు, కూలి తీసుకోలేదు. మిగతా ఐదూ కూడా బిగించి వెళ్లాడు. వాల్వుకి ఎర్ర రంగు వేశారు.

టెన్త్_బ్యాచ్_కుర్రాడు
ఆంటీ వాల్వు ఎటు తిప్పితే ఆగుతుందో అందరికీ చూపించారా? మా క్లాసులో ఎవరికీ తెలిసేది కాదు.

గోదారి_అమ్మ
చూపించారు నాన్నా, ఒక్కొక్కళ్లతో తిప్పించారు. మా అమ్మాయి ఇంటికొచ్చి మన ఇంట్లో వాల్వు ఎక్కడుందమ్మా అంది. నాకు తెలీలేదు, వాళ్ల నాన్నకీ తెలీలేదు. మా మామయ్యగారు టార్చిలైటు పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్లి చూపించారు.